గేస్ మావ ముక్కు

మొన్న గంటస్తంభం దగ్గర ఒక సామాన్ల కొట్లో పాపం ఒక సేల్స్‌మన్ మీద గట్టిగా అరిచేశాను. అతను చేసిన నేరమల్లా ఒక్కటే. నున్నగా మెరిసే గ్యాస్ బార్బెక్యూ, అదే మాంసం కాల్చే పొయ్యి, ఒకటి కొట్టు ముందు నిలబెట్టి, దాని గొప్పలన్నీ చెప్పి, సిలిండర్ దగ్గరున్న ఇంకో సేల్స్‌మన్‌తో "అన్నా, గ్యాస్ తియ్యి" అన్నాడు.

"తియ్యి అంటే ఏమిటి బాబూ? తెరవమనా, ఆపమనా?" అన్నాను. నాది ముప్పై ఏళ్ళు హైస్కూల్లో తెలుగు చెప్పిన గొంతు. కొట్లో ఉన్నవాళ్ళందరూ ఇటు తిరిగారు.

"ఆపమనే మేడమ్" అన్నాడతను. సిలిండర్ దగ్గరున్న మహానుభావుడు అప్పటికే తెరుస్తున్నాడు.

మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చారు. "గేస్ మావ పోయాడనుకున్నాను. నీలో దూరేడేటే?" అన్నారు.

గేస్ మావ పోయిన వానాకాలంలో పోయాడు. ఆయనకి తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఓటరు కార్డు మీద ఉండే ఉంటుంది గాని మా వీధిలో ఎవరికీ దాంతో అవసరం పడలేదు. తాతలకీ గేస్ మావే, మనవలకీ గేస్ మావే. పొయ్యిలు బాగుచేయడం, పైపులు మార్చడం, రెగ్యులేటర్లు చూడడం ఆయన పని. ఒక సైకిలు, దాని హేండిల్‌కి వేలాడే ఒక గోనె సంచీ, ఒక ముక్కు. ఇంతే ఆయన షాపు.

ఆ ముక్కు గురించి చెప్పాలి. పెద్ద ముక్కేం కాదు, చూడ్డానికి మామూలు ముక్కే. కాని ఆయన దాన్ని చూసుకున్నంత జాగ్రత్తగా కొందరు పిల్లల్ని కూడా చూసుకోరు. చుట్ట ముట్టడు, బీడీ ముట్టడు, ముక్కుపొడుం అంటే మండిపడతాడు. "పనిముట్టుని పాడు సేసుకుంతామేటి?" అనేవాడు. గేటు దగ్గర సైకిలు దిగి, గడ్డం పైకెత్తి, కళ్ళు మూసుకుని రెండుసార్లు పీల్చేవాడు. సరిగ్గా రెండుసార్లే. తర్వాత తీర్పు. "పక్కింట్లో మెంతులు మాడిపోతన్నాయి, ఎల్లి సెప్పండి. మీ పైపు మాత్రం సక్కంగున్నాది." వెళ్ళి చూస్తే పక్కింట్లో నిజంగానే మెంతులు మాడుతూ ఉండేవి. దాంతో మా వీధి ఆడవాళ్ళందరం మా ముక్కుల్ని ముక్కుపుడకలకి వదిలేసి, వాసన చూసే పని పూర్తిగా ఆయనకి అప్పగించేశాం. వంటింట్లో ఏదో తేడాగా అనిపిస్తే కిటికీ తెరవడం తర్వాత, ముందు గేస్ మావకి ఫోన్.

ఆయన లెక్కలో పొయ్యి ఆడది, సిలిండర్ మొగాడు, మధ్యన పైపు పెళ్ళిపెద్ద. "ఈయనకి కోపమెక్కువ, ఎప్పుడూ నిలబడే ఉండాల, పడుకోబెట్టకూడదు. ఈవిడకి ఒళ్ళు సుబ్రంగా ఉండాల. మజ్జినోడు ముసిలోడైపోతే ఇద్దరికీ సెడతాది, మార్సీయాల." పైపు బిగించాక సంచీలోంచి గడ్డం గీసుకునే కప్పూ బ్రష్షూ తీసేవాడు. కప్పులో సబ్బు నురగ. రెగ్యులేటర్ చుట్టూ, పైపు మొదట్లో, చివర్లో, పెళ్ళికొడుకు బుగ్గలకి పూసినంత శ్రద్ధగా ఆ నురగ పూసేవాడు. బుడగలు రాకపోతే తుడిచేసి, "పెళ్ళికొడుకు తయారు" అనేవాడు. బుడగ వస్తే మాత్రం ఆయన ముఖం చూడలేకపోయేవాళ్ళం. ఆ ఇంట్లో ఎవరో ఏదో తప్పు చేసి దాస్తున్నట్టు అందర్నీ ఒకసారి తేరిపార చూసేవాడు.

ఆయన దగ్గర నేను వ్యాకరణం కూడా నేర్చుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గేగాని, నేర్చుకున్నాను. ఒకరోజు పని మధ్యలో "మావా, గేస్ తియ్యనా?" అన్నాను. స్పానర్ కింద పెట్టి నా వైపు తిరిగాడు.

"పంతులమ్మా, తలుపు తియ్యమంటే ఏటి సేస్తావు?"

"తెరుస్తాను."

"లైటు తియ్యమంటే?"

"ఆర్పుతాను."

"మరి గేసు తలుపా, లైటా?"

నేను సిలిండర్ వైపు చూశాను.

"తలుపెయ్యమంటే మూస్తాం. లైటెయ్యమంటే ఎలిగిస్తాం. మాటొకటే, పన్లు రెండు. తలుపుకాడ ఎలగన్నా ఫరవానేదు. గేసుకాడ మాత్తరం తియ్యడం, ఎయ్యడం నేవు. ఎలిగించడం, కట్టడం. అంతే."

ఎన్నేళ్ళు పిల్లలకి నానార్థాలు బట్టీ పట్టించాను! నా వంటింట్లో ఇంత ప్రమాదకరమైన నానార్థం ఉందని నాకెప్పుడూ తట్టలేదు. ఆ రోజునుంచి మా ఇంట్లో గ్యాస్ దగ్గర ఆ రెండు మాటలూ నిషేధం. పాటించింది నేనొక్కదాన్నే అనుకోండి. మా అత్తగారైతే "నా నోరు, నా పొయ్యి, ఆయన పెత్తనమేటి?" అంది.

తర్వాత కరోనా వచ్చింది. ఆయనకీ వచ్చింది, తగ్గింది. సైకిలు మళ్ళీ మా వీధిలో తిరిగింది. ఆయనకి తగ్గింది గాని ఆయన ముక్కు మాత్రం తిరిగి రాలేదు. పూర్తిగా చచ్చిపోయింది. ఆ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇంక ఏ గుమ్మమూ తనని పిలవదని భయం. ఆ వయసులో ఇంకో పని నేర్చుకోలేడు, నేర్చుకున్నా ఎవరిస్తారు? ఇదంతా మాకు తర్వాతెప్పుడో తెలిసింది. అప్పటికి మేం చూసిందల్లా గేటు దగ్గర గడ్డం పైకెత్తడం, కళ్ళు మూయడం, రెండుసార్లు పీల్చడం. అన్నీ అలాగే ఉన్నాయి. ఒక్క అలవాటు మాత్రం కొత్తగా చేరింది. సైకిలు దిగుతూనే "ఏటి కూరమ్మా ఇయాల?" అని అడిగేవాడు. మనం చెప్పాక లోపలికొచ్చి, ముక్కెత్తి, అదే మాట మనకి తిరిగి చెప్పేవాడు. మేం ముక్కున వేలేసుకునేవాళ్ళం.

ఒక శనివారం మా అత్తగారు ఎండుచేపలు వేయిస్తోంది. శనివారం నీచు ముట్టనని ఊరంతా చాటిన మనిషి, బయటివాళ్ళెవరూ లేరు కదాని వేయించుకుంటోంది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో గేస్ మావ. "ఏటి కూరమ్మా?" అన్నాడు. మా అత్తగారు ఉలిక్కిపడి "ఆనపకాయ!" అంది. ఎండుచేపల కంపుకి పక్కవీధి పిల్లులు కూడా మా గోడెక్కి కూర్చున్నాయి. ఆయన తీరిగ్గా లోపలికొచ్చి, రెండుసార్లు పీల్చి, "ఆనపకాయ భలే మగ్గతందమ్మా" అన్నాడు.

నేను పెరట్లోకి పారిపోయి నవ్వుకున్నాను. మా అత్తగారు నవ్వలేదు. "ఎంత మర్యాదస్తుడే! నా పరువు కాపాడీసాడు. పెద్దింటి మనిసై ఉంటాడు" అంది. ఆ రోజునుంచి ఆయనకి మా ఇంట్లో స్టీలు గ్లాసు పోయి పింగాణీ కప్పులో టీ వచ్చింది.

ఇక గ్యాస్ బార్బెక్యూ మా ఇంటికొచ్చిన ఆదివారం సంగతి.

మా తమ్ముడు భోగాపురంలో విమానాశ్రయం పనుల్లో ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరు. వాడి పై అధికారి ఒకాయన బదిలీ మీద పోతూ, మోసుకెళ్ళలేక, తన గ్యాస్ బార్బెక్యూ వీడికిచ్చేసి వెళ్ళాడు. వీడు దాన్ని ఆటోలో వేసుకుని, మూడు కోళ్ళ మాంసం మసాలాలో నానబెట్టుకుని, మా ఇంటికి దిగాడు. "అక్కా, ఈరోజు నువ్వు వంటింట్లోకి వెళ్ళక్కర్లేదు" అన్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నాకా మాట ఎవరూ చెప్పలేదు. వెంటనే నమ్మేశాను.

దాన్ని తిన్నగా తీసుకెళ్ళి వరండాలో పెట్టాడు. గాలికి మంట ఆరిపోతుందని కటకటాలకి దుప్పట్లు కూడా కట్టాడు. ఎందుకైనా మంచిదని నేను గేస్ మావకి ఫోన్ చేశాను. వచ్చాడు. దుప్పట్లు చూశాడు.

"ఇదేటిది, శవాన్ని దాసినట్టు దాసేరు?"

"బార్బెక్యూ మావా" అన్నాడు మా తమ్ముడు.

"బార్బరా? గెడ్డం గీస్తాదా?"

"అది గియ్యదు మావా. దానికే నువ్వు గియ్యాలి" అన్నాను. ఆయన నవ్వాడు. నవ్వుతూనే దుప్పట్లు లాగేశాడు. "ఇలాంటిది ఇంట్లో ఎలిగించకూడదు. వరండాలోనా కాదు, రేకుల కిందా కాదు. మీద ఆకాసం కనపడాల. డాబా మీదకి ఎత్తండి."

ఎత్తారు. ఎత్తాక డాబా మధ్యకి జరపమన్నాడు. జరిపాక తీగమీద బట్టలన్నీ తీయించాడు. నేను గంటకిందే ఆరేసిన బట్టలు. మా తమ్ముడు మా ఇంటి సిలిండర్ని తెచ్చి బార్బెక్యూ కిందే తోశాడు. "అలగ కాదయ్యా. ఈయన్ని పక్కన నిలబెట్టు, పైపు సాగినంత దూరంలో" అన్నాడు గేస్ మావ. ఆ పైపుని మా వాడు సైకిలు ట్యూబు ముక్కతో, ఇనపతీగతో బిగించి తెచ్చాడు.  గేస్ మావ ఆ తీగని విప్పి, మడిచి, మా తమ్ముడి చొక్కా జేబులో పెట్టాడు. తర్వాత తన సంచీలోంచి కొత్త పైపు, దానికి తగిన రెగ్యులేటర్, క్లిప్పులు తీసి బిగించాడు. నురగ పూశాడు. బుడగ రాలేదు. కింద పళ్ళెంలో ఆ అధికారి వారసత్వంగా వదిలిన పాత కొవ్వు గడ్డకట్టి ఉంటే, "ఇది అంటుకుంటే కోడి ఏగదు, మనం ఏగుతాం" అని గీకించాడు. గీకింది నేనే. వంటింట్లోకి వెళ్ళక్కర్లేదన్న మాట నిజమే. అంట్లు డాబా మీదకి వచ్చాయి.

"ఇప్పుడు సెప్తాను, ఇను" అన్నాడు మా తమ్ముడితో. "మూత తెరిసి ఎలిగించాల. మూసి ఎలిగించకూడదు. రెండుసార్లు టిక్కుమని ఎలక్కపోతే అన్నీ కట్టీసి, మూత తెరిసే ఉంచి, అయిదు నిమిసాలు ఆగాల. గేసు పొగలాగ పైకి పోదయ్యా. నీరులాగ కిందకి పారతాది, పిట్టగోడ మూలన మడుగు కడతాది."

"తెలుసు మావా, వీడియోలో చూశాను" అన్నాడు వాడు.

"అయితే నాను కూకుంటాను" అన్నాడాయన. మా ఆయన కుర్చీ వేశారు. మెట్ల గది గుమ్మం పక్కన ముఖ్య అతిథిలాగ కూర్చున్నాడు.

మా తమ్ముడు మూత తెరిచాడు. మా ఆయన సిలిండర్ దగ్గర నిలబడి సగం తెరిచారు. వాడు రెండు నాబ్‌లూ తిప్పి బటన్ నొక్కాడు. టిక్. మళ్ళీ టిక్. వెలగలేదు. గాలి ఎక్కువగా ఉందని మూత దించాడు. మళ్ళీ టిక్కు టిక్కు. బ్యాటరీ అయిపోయినట్టుంది, వంటింట్లోంచి లైటర్ తెస్తానని బయల్దేరి, మెట్ల దగ్గరనుంచి "బావా, గేస్ తీసీ!" అని అరిచి కిందికి పోయాడు. నాబ్‌లు అలాగే ఉన్నాయి.

గేస్ మావ తలొంచుకుని సంచీ సర్దుకుంటున్నాడు. కింద వీధిలో ఎవరో కూరలబండి వాడితో ఆడుతున్న బేరం వింటున్నాను నేను. ఆ మాట మా ఇద్దరి చెవినా పడింది గాని బుర్రకెక్కలేదు. మా ఆయనకి ఎక్కింది. వాడు లైటు తియ్యమన్న అర్థంలో అన్నాడు. ఈయన తలుపు తియ్యమన్న అర్థంలో విన్నారు. గ్యాస్ చాలక వెలగలేదు కాబోలనుకుని, ఎంతో బాధ్యతగా, సిలిండర్ పూర్తిగా తిప్పేశారు.

కాసేపటికి నాకు వాసన వచ్చింది. ముందు కొంచెం, తర్వాత బాగానే. కుళ్ళిన ఉల్లిపాయల్లాంటి ఆ వాసన తెలియనిది కాదు. "మావా, వాసనొస్తున్నట్టుంది" అన్నాను.

ఆయన గడ్డం పైకెత్తాడు. కళ్ళు మూశాడు. రెండుసార్లు పీల్చాడు. "ఏటీ నేదమ్మా. మసాలా ఘాటది" అన్నాడు.

ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది. నా ముక్కు ఉందంటోంది. ఆయన లేదన్నాడు. నేను ఆయన మాటే నమ్మాను. అల్లం వెల్లుల్లి ఇలా కూడా వాసనొస్తాయి కాబోలు అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. మా ఆయన ముఖం కూడా అదోలా ఉంది గాని, గేస్ మావ కూర్చుని ఉండగా అనుమానపడడం మర్యాద కాదని ఆయనా ఊరుకున్నారు.

అప్పుడు మెట్లమీద మా అత్తగారి గాజుల చప్పుడు వినిపించింది.

మా అత్తగారిది పాతపట్నం వైపు. ఇంట్లోకి ఏ కొత్త వస్తువొచ్చినా పసుపూ కుంకుమా పెట్టి హారతివ్వనిదే వాడనివ్వదు. మా ప్రెషర్ కుక్కరుకీ, వాషింగ్ మెషీనుకీ, ఇన్వర్టరుకీ అందరికీ హారతులయ్యాయి. బార్బెక్యూకి మాత్రం ఎందుకు తప్పుతుంది? పళ్ళెంలో పువ్వులు, నిమ్మకాయ, మధ్యన భగభగా మండుతున్న కర్పూరం. గాలికి ఆరకుండా చెయ్యి అడ్డంపెట్టుకుని, ఏదో స్తోత్రం గొణుక్కుంటూ పైకి వస్తోంది. సిలిండరుకి కూడా బొట్టు పెట్టి, పళ్ళెం దాని ముందు నేలమీద పెట్టి హారతివ్వాలని ఆవిడ సంకల్పం.

నాకు తెలియకుండానే కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను.

గేస్ మావ చూశాడు. నా కొంగు చూశాడు. దించి ఉన్న మూత చూశాడు. సిలిండర్ మీదున్న మా ఆయన చెయ్యి చూశాడు. ఆయన ముఖంలో రంగు మారిపోయింది.

"పంతులమ్మా, ఒట్టేసి సెప్పు. నీకు వస్తందా?"

"వస్తోంది మావా. చాలాసేపట్నుంచి."

నేనెప్పుడూ ఆయన పరిగెత్తడం చూడలేదు. ఒక్క గెంతులో గుమ్మం దగ్గరికెళ్ళి, మా అత్తగారు డాబా మీద కాలుపెట్టే లోపల, మండుతున్న కర్పూరాన్ని అరచేత్తో అదిమేశాడు. పువ్వులు చెదిరిపోయాయి. నిమ్మకాయ దొర్లుకుంటూ మెట్లు దిగిపోయింది. మా అత్తగారు "ఓలమ్మో!" అని కేకపెట్టింది. ఆయన వెనక్కి తిరిగి "కట్టీ! కట్టీ! బేగి కట్టీ!" అని మా ఆయన మీద అరిచాడు. తనే వెళ్ళి నాబ్‌లు కట్టాడు, మూత పైకెత్తాడు. లైటర్ పట్టుకుని మెట్లెక్కుతున్న మా తమ్ముణ్ణి చూసి, "అది కింద పడీ! ఏ స్విచ్చీ ముట్టుకోకండి! అందరూ దిగండి!" అన్నాడు. అందర్నీ ముందు దింపి తను ఆఖర్న దిగాడు.

పెరట్లో జామచెట్టు కింద నిలబడ్డాం. ఎవరికీ ఏమీ కాలేదని అర్థమయ్యాక పోట్లాట మొదలైంది.

"నేను తీసీ అన్నాను కదా బావా!"

"తీసేను కదా బావా!"

"తీసీ అంటే కట్టీమని!"

"కట్టీమనాలంటే కట్టీ అనాల! తీసీ అని కట్టీమంటే నాకేటి తెలుస్తాది?"

ఇటువైపు మా అత్తగారు ఖాళీ పళ్ళెం గుండెలకి అదుముకుని నిలబడింది. "హారతి నలిపీసినోణ్ణి నా బతుకులో సూడనేదు. పచ్చగా ఉన్న కొంప. ఏటి కీడు సుట్టుకుంటాదో" అంటోంది. కీడు చుట్టుకోబోయి తప్పిందని చెప్పినా ఆవిడ వినిపించుకోలేదు. 

అప్పుడు మా ఆయన అడగకూడని మాట అడిగారు. "మరి మావా, నీకు ముందే వాసన రావాల కదా? నేదన్నావేటి?"

గేస్ మావ ఏమైనా చెప్పొచ్చు. గాలి అటు కొట్టిందనొచ్చు. జలుబు చేసిందనొచ్చు. మేం నమ్మేవాళ్ళం. కమిలిపోయిన అరచేతిని రెండో చేత్తో పట్టుకున్నాడు.

"నాకు ముక్కు నేదయ్యా" అన్నాడు. "కరోనాకి పోయింది. రెండేళ్ళయిపోయింది. మల్లీ వస్తాది, వస్తాది అని సూసాను. రానేదు. సబ్బు ఉన్నాది కదా, సెయ్యి ఉన్నాది కదా, నెట్టుకొచ్చీయొచ్చు అనుకున్నాను. సెప్తే ఎవులు పిలుస్తారని సెప్పనేదు. ఇయాల నాను నేదంటే ఈ తల్లి తన ముక్కునే నమ్మనేదు. మిమ్మల్నందర్నీ సంపీసుందును."

 మా అత్తగారు నెమ్మదిగా అడిగింది. "అయితే ఆ శనివారం నాడు... ఆనపకాయ?"

"ఏ శనివారమమ్మా?"

"ఏటీ నేదు" అంది మా అత్తగారు.

ఆయన సంచీ భుజానికి తగిలించుకుని, సైకిలెక్కకుండా నడిపించుకుంటూ వెళ్ళిపోయాడు. మూడు కోళ్ళూ వంటింట్లోనే కూరయ్యాయి. వండింది నేనే. బార్బెక్యూని మా తమ్ముడు మళ్ళీ ముట్టుకోలేదు. దాని జల్లెడ మీద మా అత్తగారు వడియాలు ఎండబెట్టుకుంటోంది. అంతకంటే క్షేమంగా దాన్ని ఇంకెవరూ వాడలేరు.

పదిరోజులు మా వీధిలో ఆ సైకిలు కనపడలేదు. వార్త మాత్రం ఇల్లిల్లూ తిరిగింది. "ముక్కులేనోడి సేతిలో ఇన్నాళ్ళు కొంపలు పెట్టేం" అంది ఎదురింటావిడ. నాకు రోషమొచ్చింది. కాని నేనూ ఆయనకి ఫోన్ చేయలేదు. నిజం చెప్పాలంటే కోపంగానే ఉంది. రెండేళ్ళు ఆయన మాట నమ్ముకుని గుండెల మీద చెయ్యేసుకుని పడుకున్నాం కదా అని కోపం. ఆయన్ని తలుచుకుంటే జాలి. ఈ రెండూ ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటే ఫోన్ దగ్గరికి చెయ్యి వెళ్ళలేదు.

పదకొండో రోజు పొద్దున్న మా అత్తగారు వంటింట్లోంచి కేకేసింది. "ఒలే, పొయ్యి సరిగ్గా ఎలగడం నేదు. ఆయన్ని పిలు."

పొయ్యి లక్షణంగా ఉంది. దానిమీద అప్పుడే ఇడ్లీలు దింపాను. ఆవిడ ముఖంలోకి చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. ఫోన్ చేశాను.

"ఇంకెవుల్నైనా పిలుసుకోండి పంతులమ్మా. నాను ఆ పని ఒగ్గీసేను" అన్నాడు.

మా అత్తగారు నా చేతిలోంచి ఫోన్ లాక్కుంది. "ఏటయ్యా? నా హారతి నలిపీసి, ఇప్పుడు నా పొయ్యి కూడా సూడవా? ఎవులికి సెప్పుకోమంటావు? బేగి రా" అని పెట్టేసింది.

వచ్చాడు. తలొంచుకుని వంటింట్లోకొచ్చి కూర్చున్నాడు. అరచేతికి గుడ్డ చుట్టి ఉంది. పొయ్యికి ఏమీ కాలేదని ఆయనకి ఒక్క నిమిషంలో తెలిసిపోయుంటుంది. అయినా బర్నర్లు విప్పి తోమాడు. పైపు విప్పి మళ్ళీ బిగించాడు. ఎంతసేపు చేయగలడో అంతసేపు చేశాడు. ఆఖరికి చేతులు తుడుచుకుని మా అత్తగారి వైపు చూశాడు.

"అమ్మా, ఓపాలి మీరు వాసన సూడండి. నాకు తెలవదు."

నాకు తెలవదు అనే మాట ఆ నోటినుంచి నేను వినడం అదే మొదటిసారి. మా అత్తగారు కూడా తడబడింది. డెబ్బై ఏళ్ళ బతుకులో ఇంటికొచ్చిన ఏ పనివాడూ ఆవిణ్ణి నీకేమనిపిస్తోందమ్మా అని అడిగుండడు. కొంగు దోపుకుని, నా భుజం మీద చెయ్యేసి, నొప్పుల మోకాళ్ళు బలవంతంగా వంచి, సిలిండర్ దగ్గర వంగింది. రెగ్యులేటర్ దగ్గర చూసింది. పైపు పొడుగునా చూసింది. పొయ్యి నాబ్‌ల దగ్గర ఒక్కొక్కచోటా ఆగి ఆగి చూసింది. పరీక్ష రాస్తున్న పిల్ల ముఖంలా ఉంది ఆవిడ ముఖం. 

"ఏటీ నేదు" అంది.

"ఇంకోపాలి సూడండమ్మా."

"సూసేను. నేదు. నా మాట మీద ఎలిగించు."

ఆయన ఒక్క క్షణం ఆవిడ కళ్ళలోకి చూశాడు. లైటర్ అందుకున్నాడు. మమ్మల్ని వెనక్కి జరగమన్నాడు గాని తను జరగలేదు. పొయ్యి మీదకి ముఖం వంచి వెలిగించాడు. నా భుజం మీద మా అత్తగారి చెయ్యి బిగుసుకుపోయి ఉంది. ఆయన ముఖం ఆ మంటకి అంత దగ్గరగా ఉండడం చూసి నాకు ఏడుపొచ్చేసింది.